వరిగింజంత సీనియారిటీ

మా శాఖ పేరు చెబితే చాలామంది నవ్వుతారు. నవ్వేవాళ్లను నేను ఏమీ అనను. తాటిచెట్ల గణన శాఖలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న మనిషికి ఆ మాత్రం ఓర్పు ఉంటుంది. దొరల కాలంలో కల్లు మీద పన్ను వెయ్యడానికి చెట్లు లెక్కపెట్టే మనుషులు కావలసివచ్చారు. దొరలు వెళ్లిపోయారు, ఆ పన్నూ పోయింది. లెక్కపెట్టడం ఆపమని మాత్రం ఎవరూ కాగితం పంపలేదు. అందుకని మేం లెక్కపెడుతూనే ఉన్నాం.

గోదావరి ఒడ్డున మా జిల్లా కార్యాలయానికి మంజూరైన పోస్టులు పద్నాలుగు. ఉన్న మనుషులం ముగ్గురం. సూపరింటెండెంటు మంగపతిరావు గారు, సీనియర్ అసిస్టెంటునైన నేను, అంటే ముక్కామల నాగభూషణం, జూనియర్ అసిస్టెంటు దీవెన. ధర్మయ్య అని ఒక అటెండరు కూడా ఉన్నాడు గానీ, అతను ఔట్‌సోర్సింగ్ మనిషి. కాబట్టి రికార్డుల్లో ఉండడు, పనిలో మాత్రమే ఉంటాడు. మా అందరి పైనా అసిస్టెంట్ డైరెక్టరు ప్రభంజనరావు గారు.

మొదట్లో మాకు హాజరు పట్టీ ఉండేది. ఎవరైనా రాకపోతే వచ్చినవాళ్లు వాళ్ల సంతకం కూడా పెట్టేవారు. మంగపతిరావు గారి సంతకం ఆయన కంటే నాకే బాగా వచ్చు. తరువాత బొటనవేలి యంత్రం వచ్చింది. ఇరవై ఏళ్లుగా నాలుకకు అద్ది కాగితాలు తిప్పిన వేళ్ల మీద గీతలేం మిగులుతాయి? వేలు పెట్టగానే ఆ యంత్రం "మీరు ఎవరు?" అని అడిగేది. ఎంత ఆలోచించినా నాకు జవాబు తోచేది కాదు.

అప్పుడు వచ్చింది కమిషనరేటు నుంచి సర్క్యులరు.

"ఉద్యోగి వచ్చుట వేరు, వచ్చినట్లు ధ్రువపడుట వేరు. మొదటిది ఐచ్ఛికము, రెండవది తప్పనిసరి. కావున ఉద్యోగులందరి కుడిచేతి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ, వరిగింజ పరిమాణము గల గుర్తింపు చిప్పును చర్మము క్రింద అమర్చవలసినదిగా ఆదేశించడమైనది. చిప్పు అమర్చబడిన పిదప చేతిని పోగొట్టుకొన్నచో ఉద్యోగియే బాధ్యుడు."

సర్క్యులరుతో పాటే ఇనపగేటూ, కంప్యూటరూ వచ్చాయి. చెయ్యి చూపిస్తే గేటు చిప్పులో ఉన్న పేరు చదువుతుంది. ఆ పేరు పక్కన ఏమేం రాసి ఉందో కంప్యూటరు చూసుకుని తెరవమంటే తెరుస్తుంది. గేటూ కంప్యూటరూ ఒకే ప్లగ్గు మీద బతుకుతాయి. ఆ కంప్యూటర్లో కమిషనరేటు వారు సొంతంగా రాయించిన 'కరణం' అనే సిస్టం ఉంది. బయట దొరికే సిస్టంలు మన వాతావరణానికి పనికిరావట.

కరణం పొద్దున్నే నిద్ర లేవడానికి నలభై నిమిషాలు పట్టేది. లేచాక ఒక ఫైలు తెరవమంటే "మీరు నిజంగా తెరవదలచుకున్నారా?" అనేది. అవునంటే "ఎందుకు?" అనేది. మధ్యలో హఠాత్తుగా "కరణం స్పందించుట లేదు. వేచి ఉందురా? మూసివేయుదురా?" అని అడిగేది. రెండింట్లో ఏది నొక్కినా జరిగేది ఒకటే, చేసిన పని మొత్తం పోయేది. వారానికోసారి "నవీకరణ జరుగుచున్నది. ఎట్టి పరిస్థితులలోను ఆపవద్దు" అనే అక్షరాలు వచ్చేవి. ప్రభంజనరావు గారు ఆ వాక్యాన్ని అట్ట మీద రాయించి, కింద "ఆపినవారు శిక్షార్హులు" అని చేర్చి, కంప్యూటరు నెత్తిన కట్టించారు. కరెంటు పోయినా ఆగకూడదని దానికొక ఇన్వర్టరు కూడా ఇప్పించారు. మాకు మాత్రం తాటాకు విసనకర్రలు.

చిప్పులు వేసే పని టెండరులో తక్కువ రేటుకి పశువులకు చెవిపోగులు వేసే కంపెనీకి దక్కింది. వాళ్ల మనిషి అనుభవజ్ఞుడే. మంగపతిరావు గారి దగ్గరికి వెనకనుంచి వచ్చి, మెడ మీద నెమ్మదిగా నిమిరి, "హై... హై... ఏంలేదు, ఏంలేదు" అంటూ సూది దించేశాడు. తరువాత ఆయన నోట్లో ఒక బెల్లం ముక్క పెట్టాడు.

"మళ్లీ తియ్యాలంటే ఎలాగయ్యా?" అని అడిగాను.

"ఎయ్యడానికే టెండరండి. తియ్యడం ఏరే టెండరు" అన్నాడతను.

ప్రభంజనరావు గారికి మాత్రం చిప్పు పడలేదు. గెజిటెడ్ అధికారి చేతిలో ఏదైనా పెట్టాలంటే ముందు గెజిట్‌లో అచ్చు కావాలి. అచ్చయ్యేదాకా గేటు ఆయన్ను గుర్తుపట్టదు కనుక, ఆయన ఇంట్లోనే క్యాంపు కార్యాలయం పెట్టుకుని ఫోనులో పరిపాలించసాగారు. ఔట్‌సోర్సింగ్ మనిషికి చిప్పు దండగన్నారు కాబట్టి ధర్మయ్య గోడ దూకి వచ్చేవాడు. ఏ రోజూ ఆలస్యం కాలేదు.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. దాచి లాభం లేదు, జరిగిందంతా దానివల్లే జరిగింది.

నేనూ మంగపతిరావు గారూ ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. నేను ఉదయం పదీ ఇరవైకి, ఆయన మధ్యాహ్నం రెండున్నరకి. ఆయన వస్తూ వస్తూ పూతరేకుల పొట్లం తెచ్చారు. నేను ఉత్త చేతులతో వచ్చాను. ఆనాటి గుమాస్తా పూతరేకు నోట్లో పెట్టుకుని, రిజిస్టరులో ఆయన పేరు ముందూ నా పేరు తరువాతా రాశాడు. అలా ఆయన సూపరింటెండెంటు అయ్యారు. నేను ట్రిబ్యునల్‌కి వెళ్లాను. ఇరవై రెండేళ్లు తిరిగాను. ఈలోగా మేం ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని, ఒకే క్యారేజీలో తిని, పండగలకి ఒకరింటికి ఒకరం వెళ్లాం. వాయిదాలకి కూడా ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. ఎంత స్నేహమైనా సీనియారిటీ సీనియారిటీయే.

ఏప్రిల్ నెలాఖరున తీర్పు వచ్చింది. ఉదయం మధ్యాహ్నం కంటే ముందు వచ్చునని గౌరవ ట్రిబ్యునల్ వారు తేల్చారు. అంతటితో ఆగలేదు. మగతాడినీ ఆడతాడినీ గుర్తుపట్టే శాఖాపరమైన పరీక్ష మంగపతిరావు గారు ఇంతవరకూ పాస్ కాలేదు కనుక, పాసైన వారందరి తరువాతే ఆయన పేరుండాలన్నారు. అంటే ఒకటి నేను, రెండు దీవెన, మూడు మంగపతిరావు గారు.

ఆ సాయంత్రమే నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. జాబితాలో పేర్లు ఒకదాని కింద ఒకటి, ప్రతి పేరు పక్కన పుట్టినతేదీ, ఆడా మగా, సెలవులు, విచారణలు ఉన్నాయి. నా కళ్లకి పేర్లే కనపడ్డాయి. మా ముగ్గురి పేర్లూ తీసి కొత్త వరుసలో అతికించాను. పక్కనున్నవి కదపలేదు. మనిషి పేరు పైకెక్కితే మిగతావన్నీ వాటంతటవే వెంట ఎక్కుతాయనుకున్నాను. భద్రపరచమన్నాను. జీవితంలో మొట్టమొదటిసారి కరణం ఏ ప్రశ్నా వెయ్యకుండా భద్రపరిచింది.

తరువాత అడుగున ఇలా కనపడింది: "సీనియారిటీ నమోదైనది. ట్రిబ్యునల్ ఉత్తర్వు లేనిదే మార్చుటకు వీలులేదు. పై స్థానమున ఉన్న ఉద్యోగి తన సీనియారిటీని వదులుకొని పాత జాబితాను పునరుద్ధరింపదలచినచో ఇక్కడ నొక్కవలెను." ఇరవై రెండేళ్లు తిరిగినవాడు ఎవడు నొక్కుతాడు? నవ్వుకుని మూసేశాను.

మర్నాడు మంగపతిరావు గారు గేటుకి చెయ్యి చూపించారు. గేటు తెరుచుకోలేదు. తెర మీద గులాబీ రంగు అక్షరాలు వచ్చాయి. "శుభాకాంక్షలు. మీ ప్రసూతి సెలవు మంజూరైనది. సెలవు కాలమున కార్యాలయ ప్రవేశము నిషిద్ధము."

ఆయన గేటు బయట, నేను లోపల. ఇద్దరం చదువుకున్నాం. ఏం జరిగిందో నాకు అప్పుడర్థమైంది. దీవెనకి నెలలు నిండుతున్నాయి. మే ఒకటి నుంచి సెలవు కావాలని ఆమె పెట్టుకున్న అర్జీ మూడో వరుసలో ఉంది. ఆ వరుసలో ఇప్పుడున్న పేరు మంగపతిరావు గారిది.

ప్రభంజనరావు గారికి ఫోను చేశాం.

"సెలవును మంజూరు చేసింది సిస్టం" అన్నారాయన. "దానిని నేను రద్దు చేసినచో, ప్రసూతి సెలవు నిరాకరించిన అధికారిగా నా మీద చర్య ఉంటుంది. ఆ విషయంలో ప్రభుత్వం చాలా కఠినంగా ఉంది. మంగపతిరావు గారూ, మీరు ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోండి. బరువులు ఎత్తకండి."

"నాకు యాభై తొమ్మిదేళ్లండీ" అన్నారు మంగపతిరావు గారు.

"ఆ వయసులో మరింత జాగ్రత్త అవసరం" అన్నారు ప్రభంజనరావు గారు.

రెండో వరుస నాది. అందులో ఇప్పుడు దీవెన పేరుంది. అంటే యంత్రం దృష్టిలో ఆమె యాభై రెండేళ్ల మగమనిషి, పైగా శాఖాపరమైన విచారణలో ఉన్న మనిషి. ఆ విచారణా నాదే. తొమ్మిదేళ్ల కిందట నేనొక తాటిచెట్టుని రెండుసార్లు లెక్కపెట్టాననే అభియోగం. ఆ చెట్టు వేళ్లు ఒక ఊళ్లో, తల ఇంకో ఊళ్లో ఉంటే నేనేం చెయ్యను? విచారణాధికారి ఇంతవరకూ ఆ చెట్టు దగ్గరికి రాలేదు. ఈలోగా చెట్టు పడిపోయింది కూడా.

ఒకటో వరుస మంగపతిరావు గారిది, మే నెలలో ఆయనకి అరవై నిండుతాయి. అక్కడ నా పేరు. ఆ లెక్కన మే ముప్పై ఒకటిన సాయంత్రం అయిదింటికి నేను రిటైరైపోతాను. ఎనిమిదేళ్ల సర్వీసు గాల్లో కలిసిపోతుంది. నాకు తెలియక కాదు. కానీ రిటైరయ్యేది నెంబర్ వన్‌గా. ఆ మాట అనుకున్నప్పుడల్లా నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగేది. ఇంట్లో కూడా చెప్పలేదు.

దీవెన మళ్లీ అర్జీ పెట్టింది. కరణం పావుగంట ఆలోచించి జవాబిచ్చింది: "దరఖాస్తుదారు పురుషుడు. వయస్సు 52. తిరస్కరించడమైనది."

ఆమె స్కాన్ రిపోర్టు పట్టుకుని ఫోను ముందు నిలబడింది. "సార్, డాక్టరమ్మ బీపీ ఉందన్నారండీ. ఇంట్లో పడుకోమన్నారు. నేను ఆడమనిషినని మీకు తెలుసు కదండీ."

"వ్యక్తిగతంగా తెలుసు, అధికారికంగా తెలియదు" అన్నారు ప్రభంజనరావు గారు.

"స్కాన్ రిపోర్టు ఉందండీ."

"అమ్మా, ఆ రిపోర్టు మీ గర్భమును నిరూపించును. మీ స్త్రీత్వమును నిరూపించదు. అవి రెండును వేర్వేరు గడులు. మెడికల్ బోర్డుకు రాస్తాను. వారి అభిప్రాయం వచ్చేవరకు యథాతథ స్థితి కొనసాగించండి."

యథాతథ స్థితి కొనసాగించడం దీవెన చేతిలో ఉన్న పని కాదని చెప్పబోయాను. ఆయన ఫోను పెట్టేశారు.

మెడికల్ బోర్డు రెండు వారాలకి జవాబు రాసింది. యాభై రెండేళ్ల పురుషుడికి తొమ్మిదో నెల రావడం అరుదైన కేసు కనుక రాజధానిలోని పెద్దాసుపత్రికి సిఫారసు చేస్తున్నామనీ, రోగి కదలకూడదు గనుక ప్రయాణం చెయ్యరాదనీ అందులో ఉంది. ఈ ఉత్తరం అందాక ప్రభంజనరావు గారిలో ఉత్సాహం వచ్చింది. 'పురుషోద్యోగుల ప్రసూతి: నియమావళిలో లోపములు' అని ఒక ఫైలు తెరిపించారు. దాని నోటు నేనే రాశాను. నలభై పేరాలు, ఒక్క కొట్టివేత లేదు. ప్రభంజనరావు గారు మెచ్చుకున్నారు.

రోజూ ఎండలో వచ్చి దీవెన తన కుర్చీలో కూర్చునేది. పొట్ట బల్లకి తగలకుండా కుర్చీని అడుగు వెనక్కి లాక్కుని, చేతులు చాచి ఫైళ్లు రాసేది. నేను రోజూ ఉదయం ఒకసారీ సాయంత్రం ఒకసారీ ఆ జాబితా తెరిచి, పైన నా పేరు చూసుకుని, మూసేసేవాణ్ని.

ఈలోగా మంగపతిరావు గారు ఇంట్లో కుదురుకున్నారు. మొదటి వారం సిగ్గుపడ్డారు. రెండో వారం ఆయనకి పౌష్టికాహారం కిట్టు వచ్చింది, అందులో ఖర్జూరాలూ, పల్లీ చిక్కీలూ, రాగిపిండీ ఉన్నాయి. ఆయన ఆరోగ్యం ఎలా ఉందో చూసి రమ్మని ఒక ఆశా కార్యకర్తని కూడా పంపారు. ఆమె వస్తూ వస్తూ, సెలవులో ఉన్న మనిషి చెవులకి గాలి తగలకూడదని చెప్పిందట. నేను చూడ్డానికి వెళితే, మే నెల ఎండలో చెవుల్లో దూది పెట్టుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని, వెల్లుల్లి కారంతో అన్నం తింటున్నారు.

"నాగభూషణం, ఒక్క మాట చెప్పనా?" అన్నారు. "ముప్పై ఏళ్ల కాపురంలో మా ఆవిడ నన్ను 'తిన్నావా' అని అడగడం ఇదే."

"అయితే బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది గానీ, ఒకటే చిక్కు" అంటూ మెమో చూపించారు. బిడ్డ వివరాలు పదిహేను రోజుల్లోగా సమర్పించాలనీ, లేనిచో సెలవు కాలాన్ని అనధికార గైర్హాజరుగా పరిగణిస్తామనీ ప్రభంజనరావు గారు సంతకం చేశారు. "ఏ బిడ్డ వివరాలు పంపనురా?"

నేను ఖర్జూరం ఒకటి తిని వచ్చేశాను.

మే ముప్పై ఒకటి వచ్చింది. సాయంత్రం నాలుగున్నరకి నా పదవీ విరమణ సభ. శాలువా తెచ్చే బాధ్యత మంగపతిరావు గారు తీసుకున్నారు. ఆయన్ని గేటు లోపలికి రానివ్వదు కనుక ఊచల్లోంచి కప్పుతానన్నారు.

పొద్దున పదింటికి కరణం నవీకరణ మొదలుపెట్టింది. పదకొండుకి తొంభై తొమ్మిది శాతం అయింది. మధ్యాహ్నం రెండింటి దాకా తొంభై తొమ్మిది దగ్గరే ఉంది. దాన్నెవరూ తాకలేదు. రెండున్నరకి తెర తెల్లబడి, కొత్త సౌకర్యాల జాబితా వచ్చింది. మొదటిది గడియారం ముల్లు రంగు మార్పు. రెండోది: "విచారణలో ఉన్న ఉద్యోగులు హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదను నియమము ఇకపై గేటు ద్వారా అమలగును." హెడ్‌క్వార్టర్స్ అంటే ఊరు మొత్తం అని మాకు తెలుసు. కరణానికి తెలిసిన ఊరు మా కాంపౌండు గోడ వరకే.

మూడింటికి దీవెనకి నొప్పులు మొదలయ్యాయి.

ఆమె అరవలేదు. బల్ల పట్టుకుని లేచి, "నాగభూషణం గారూ, నేను వెళ్లాలండీ" అంది. మేమిద్దరం గేటు దాకా నడిచాం. ఆమె చెయ్యి చూపించింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. "విచారణ పెండింగులో ఉన్నందున ప్రధాన కేంద్రము విడువరాదు." మళ్లీ చూపించింది. మళ్లీ అవే అక్షరాలు.

గేటు బయట ఆటో ఆగింది. మంగపతిరావు గారు మఫ్లరుతో, చేతిలో శాలువాతో దిగారు. విషయం విని ఆటోని ఆపేశారు. "ఇక్కడే ఉండవోయ్, ఆసుపత్రికి పోవాలి" అన్నారు డ్రైవరుతో. ఆటో ఉంది, ఆసుపత్రి రెండు వీధుల అవతల ఉంది, మధ్యలో గేటుంది.

గేటు బద్దలు కొట్టొచ్చు కదా అని మీరంటారు. అది ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తిని బద్దలు కొట్టడానికి అనుమతి ఫారం ఉంది. ఆ ఫారం కంప్యూటర్లో ఉంది.

ఫోను చేశాను.

"ఆమె గేటు దాటినచో విచారణలో ఉన్న ఉద్యోగి పరారీ అగును" అన్నారు ప్రభంజనరావు గారు. "అయితే వైద్య కారణములపై విడిచి వెళ్లుటకు వెసులుబాటు ఉన్నది. దరఖాస్తు మూడు ప్రతులలో, వారం రోజుల ముందుగా."

"సార్, నొప్పులు ఇప్పుడు వస్తున్నాయండీ."

"వారం ముందు వస్తాయని ఊహించి ఉండవలసింది" అన్నారాయన. గొంతులో నిజంగానే జాలి ఉంది. ఆయన చెడ్డవారు కాదు.

దీవెనని తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. ఇన్వర్టరు మీద కంప్యూటరు హాయిగా వెలుగుతోంది. ధర్మయ్య తాటాకు విసనకర్రతో విసరడం మొదలుపెట్టాడు. దీవెన నా వైపు చూసింది.

"నెల రోజుల నుంచీ చూస్తున్నానండీ" అంది నెమ్మదిగా. "రోజూ ఆ జాబితా తెరుస్తారు, చూసుకుంటారు, మూసేస్తారు. అడుగున ఏదో బటన్ ఉందండీ. అది నొక్కితే సరిపోద్దా?"

నేను జేబులోని పెన్ను తీసి మూత బిగించాను.

"సరిపోద్దన్నమాట" అంది.

"మరి ఇన్నాళ్లూ అడగలేదేంటమ్మా?"

"మీరే నొక్కుతారనుకున్నానండీ" అంది. అంతలోనే మళ్లీ నొప్పి వచ్చి కళ్లు మూసుకుంది.

నాకు సిగ్గేసింది. ట్రిబ్యునల్లో అవతలి లాయరు నన్ను ఇరవై రెండేళ్లు తిట్టాడు, ఒక్కసారీ సిగ్గెయ్యలేదు. ఆ అమ్మాయి తిట్టకుండానే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా చేసింది.

కంప్యూటరు ముందు కూర్చుని ఆ బటన్ నొక్కాను. కరణం గిరగిరా తిరిగి అడిగింది. "మీరు నిజంగా జూనియరా?"

అవును.

"ఎందుకు?" కింద కారణాల జాబితా ఇచ్చింది. వయోభారం, ఆధ్యాత్మిక చింతన, భయం, ఇతరములు. నేను ఇతరములు నొక్కాను. ఇతరములు అంటే ఏమిటో పాతిక అక్షరాలకు తగ్గకుండా రాయమంది. "నేను ఉదయం వచ్చిన మాట నిజమే గాని, ఆయన పూతరేకులు కూడా తెచ్చారు" అని రాశాను.

"ఈ చర్యను తిరిగి వెనుకకు తీసుకొనుట సాధ్యపడదు. మరొకసారి ఆలోచించుకొందురా?"

ఆలోచించాను. ఇరవై రెండేళ్లు, రెండొందల పదమూడు వాయిదాలు, ఒకే బస్సు. నొక్కాను. "నమోదు చేయబడుచున్నది" అంటూ చక్రం తిరగసాగింది.

ఆ చక్రం తిరుగుతుండగానే ధర్మయ్య టేబుల్ ఫ్యాను చంకలో పెట్టుకుని గదిలోకి వచ్చాడు.

"ఏటండీ మీరు, ఆయమ్మకి సెమటలు కారిపోతన్నాయి. ఇసనకర్రకి ఎక్కడాగుద్దండీ? ఇన్వర్టరుకి ఉన్నది ఒకటే ప్లగ్గు" అంటూ వంగి, నేను వద్దనేలోగా, కంప్యూటరు ప్లగ్గు పీకి ఫ్యాను ప్లగ్గు పెట్టేశాడు.

తెర నల్లబడింది. నెత్తినున్న అట్ట కింద పడింది. బయట టక్కుమని శబ్దం. చూస్తే గేటు తనంతట తనే తెరుచుకుని, గాలికి ఊగుతోంది.

మూడు నెలలుగా ఆ గేటుకి చేతులు చూపించినవాళ్లం మేం. ప్లగ్గు సంగతి మాలో ఒక్కడికీ తోచలేదు. ఆపవద్దని రాసి ఉంది కదా.

"మరి ముందే సెప్పొచ్చు కదండీ" అన్నాడు ధర్మయ్య.

దీవెనని ఆటో ఎక్కించాం. మంగపతిరావు గారు పక్కన కూర్చుని, నెల రోజుల అనుభవం ఉన్న మనిషిగా, "అమ్మా, చెవులకి గాలి తగలనివ్వకు" అంటూ తన మఫ్లరు తీసి ఆమె తలకి చుట్టారు. ధర్మయ్య ముందు సీట్లో డ్రైవరు పక్కన వేలాడాడు. ఆటో వెళ్లిపోయింది. కార్యాలయం ఖాళీగా ఉంచకూడదనే నియమం ఉంది కనుక నేను ఉండిపోయాను.

కరెంటు వచ్చాక ఫ్యాను తీసి కంప్యూటరు ప్లగ్గు మళ్లీ పెట్టాను. గేటు మూసుకుంది. కరణం నలభై నిమిషాలు తీసుకుని లేచింది. నా నలభై పేరాల నోటు పోయింది. వారం రోజుల ఫైళ్లు పోయాయి. అయిదు మండలాల తాటిచెట్లు పోయాయి. ఆ రోజు చేసిన పనుల్లో అది భద్రపరిచింది ఒక్కటే. జాబితాలో ఒకటి మంగపతిరావు, రెండు నాగభూషణం, మూడు దీవెన. ఎవరి వివరాలు వాళ్ల పక్కన బుద్ధిగా ఉన్నాయి.

ధర్మయ్య ఇంకొక్క నిమిషం ముందు వచ్చి ఉంటే నేను ఇంకా నెంబర్ వన్‌గానే ఉండేవాణ్ని. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

అయిదింటికి ఆసుపత్రి నుంచి మంగపతిరావు గారి ఫోను వచ్చింది. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు.

"నాగభూషణం, ఇప్పుడే నా ఫోనుకి మెసేజీ వచ్చింది. ప్రసూతి సెలవు రద్దు, వెంటనే రిటైర్మెంటు అని. నీ పనేనా?"

"నాదేనండీ."

"ఇరవై రెండేళ్లు తిరిగావు కదరా" అన్నారాయన. "శాలువా పాపకి చుట్టేశాం. మనిద్దరిలో ఎవరికీ కప్పలేదు కాబట్టి గొడవ లేదు. రా, వచ్చి చూడు. నర్సులు ఆడపిల్లని తేల్చిన తీరు చూస్తే నేనిప్పుడు ఆ తాటిచెట్ల పరీక్ష పాసవుతాననిపిస్తోంది."

ఆ వెంటనే ప్రభంజనరావు గారి ఫోను. కంప్యూటరు మధ్యాహ్నం యాభై ఒక్క నిమిషాలు ఆగినట్లు కమిషనరేటుకి తెలిసిపోయిందట.

"ప్లగ్గు తీసిన ఉద్యోగి పేరు?"

"రికార్డుల్లో లేని మనిషండీ."

"రికార్డుల్లో లేడా?" ఆయన గొంతు తేలికపడింది. "అయితే ప్లగ్గు ఎవరూ తీయలేదు. అలాగే నోటు పెట్టండి."

నోటు పెట్టాను. అయిదున్నర అయింది. ఆసుపత్రికి బయలుదేరి గేటుకి చెయ్యి చూపించాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. "విచారణ పెండింగులో ఉన్నందున ప్రధాన కేంద్రము విడువరాదు."

నా చెట్టు నాకు తిరిగొచ్చింది. న్యాయంగా అది నాదే, కాదనను.

కాసేపు గేటు ముందు నిలబడ్డాను. మూడు ప్రతుల్లో దరఖాస్తు రాద్దామని జేబులోంచి పెన్ను తీశాను, మళ్లీ పెట్టుకున్నాను. లోపలికి వెళ్లాను. కంప్యూటరు ముందు వంగి ఆ అట్ట తీసి చదివాను, దుమ్ము దులిపి యథాస్థానంలో కట్టాను. కరెంటు ఉంది, పైన ఫ్యాను తిరుగుతోంది, నాకు చెమట పట్టడం లేదు. అయినా ప్లగ్గు పీకాను.